అమ్మ నిద్ర కోసం మూడు సీసాలు: మెలటోనిన్, అశ్వగంధ, మెగ్నీషియంల వెనుక ఉన్న ఆధారమెంత?

మీరు రాసిన వివరాలను ముందుగా ఒక వరుసలో పెట్టుకుంటాను. మీ అమ్మగారికి 64 ఏళ్లు, గుంటూరులో ఉంటారు, రక్తపోటుకూ థైరాయిడ్‌కూ రోజూ మాత్రలు వేసుకుంటారు. న్యూజెర్సీలో ఉండే మీ తమ్ముడు పోయిన నెల వచ్చినప్పుడు 10 మిల్లీగ్రాముల మెలటోనిన్ గమ్మీలు, అశ్వగంధ క్యాప్సూళ్లు, మెగ్నీషియం గ్లైసినేట్ తెచ్చి ఇచ్చారు. వలేరియన్ అనే మూలిక కూడా తెప్పించమంటారా అని మీరు అడుగుతున్నారు. అమ్మగారు రాత్రి తొమ్మిదికల్లా పడుకుంటారు, మూడింటికి మెలకువ వస్తుంది, ఆపైన ఆరు దాకా పక్క మీద అటూ ఇటూ దొర్లుతారు, మధ్యాహ్నం భోజనమయ్యాక గంటన్నర కునుకు తీస్తారు. ‘ఇవన్నీ సహజమైనవే కదా, వీటిలో దేనికి నిజంగా ఆధారం ఉంది’ అన్నది మీ ప్రశ్న.

మొదట ఆసుపత్రి ఫార్మసీలోనూ, ఆ తర్వాత ఫార్మకాలజీ బోధనలోనూ కలిపి ఇరవై ఆరేళ్లు గడిపినవాడిగా నేను ఈ ప్రశ్నను కొంచెం మార్చి చదువుకుంటాను. ‘నిద్రకు పని చేస్తుందా’ అని అడిగితే దాదాపు ప్రతి సీసాకూ ఏదో ఒక పరిశోధన అవును అని చెబుతుంది. పడుకున్నాక ఎంతసేపటికీ నిద్ర పట్టకపోవడం, మధ్యలో పదేపదే మెలకువ రావడం, తెల్లవారుజామునే లేచిపోవడం, ఒంట్లోని గడియారమే ముందుకో వెనక్కో జరిగిపోవడం అనేవి నాలుగు వేర్వేరు ఇబ్బందులు; ఒకదానికి పనికొచ్చింది ఇంకొకదానికి పనికిరాకపోవడమే కాదు, కొన్నిసార్లు చెరుపు కూడా చేస్తుంది. అందువల్ల ఏ ఇబ్బందికి, ఎన్ని నిమిషాల మేలు, ఎంతమంది మీద చూశారు, సీసా మీద రాసింది సీసాలో ఉందా అని నాలుగు విడి ప్రశ్నలు వేసుకోవాలి.

మెలటోనిన్ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ సరుకుల్లో ఎక్కువగా పరిశీలించినది అదే, ఎక్కువగా అపార్థమైనదీ అదే. ఇది మూలిక కాదు. మెదడులోని పీనియల్ గ్రంథి చీకటి పడ్డాక విడుదల చేసే హార్మోను. 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో చర్మవ్యాధుల నిపుణుడైన ఆరన్ లెర్నర్ బృందం దీన్ని పశువుల పీనియల్ గ్రంథుల నుంచి వేరుచేసింది. శరీరానికి ‘రాత్రయింది’ అని కబురు చెప్పడమే దీని పని. నిద్రమాత్రలాగా మెదడును బలవంతంగా మగతలోకి నెట్టదు. ఈ తేడా పట్టుకుంటే మిగిలిన లెక్కలన్నీ అర్థమవుతాయి.

2013లో వెలువడిన ఒక మెటా అనాలిసిస్ 19 పరిశోధనలను, మొత్తం 1,683 మందిని కలిపి లెక్కగట్టింది. ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారితో పోలిస్తే మెలటోనిన్ వేసుకున్నవారికి నిద్ర సగటున 7 నిమిషాలు ముందుగా పట్టింది, మొత్తం నిద్ర 8 నిమిషాలు పెరిగింది. ఈ తేడాలు గణాంకాల దృష్టితో నిజమైనవే, కానీ రాత్రంతా పక్క మీద దొర్లే మనిషికి ఏడు నిమిషాలు ఏ మూలకు? అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పెద్దల నిద్రలేమికి మెలటోనిన్‌ను వాడవద్దని సూచించింది, అయితే అది బలహీనమైన ఆధారాలపై ఇచ్చిన సూచన అని తానే చెప్పుకుంది. ఐరోపా దేశాల వైఖరి కాస్త వేరు: 55 ఏళ్లు దాటినవారికి, నెమ్మదిగా విడుదలయ్యే 2 మిల్లీగ్రాముల మాత్రకు 2007లో అనుమతి ఇచ్చారు, అది కూడా పరిమిత కాలానికి, వైద్యుని చీటీ మీద.

మోతాదు దగ్గర ఇంకొక విచిత్రం ఉంది. 2001లో ఎంఐటీ పరిశోధకులు యాభై దాటిన నిద్రలేమి రోగుల మీద 0.1, 0.3, 3 మిల్లీగ్రాముల మోతాదులను పోల్చి చూశారు. శరీరంలో రాత్రిపూట సహజంగా ఉండే స్థాయికి తీసుకువెళ్లే 0.3 మిల్లీగ్రామే నిద్రను ఎక్కువగా బాగుచేసింది. 3 మిల్లీగ్రాములు వేసుకున్నవారికి ఒంటి వేడి తగ్గింది, మరునాడు పగలు కూడా రక్తంలో మెలటోనిన్ మిగిలిపోయింది. మీ తమ్ముడు తెచ్చిన గమ్మీలో 10 మిల్లీగ్రాములు ఉన్నాయంటున్నారు, అంటే ఆ మోతాదుకు ముప్పై మూడు రెట్లు. ఉప్పు ఎక్కువైతే కూర రుచి పెరగనట్టే ఇక్కడా అంకె పెరిగితే ఫలితం పెరగదు.

అదీ లేబుల్ నిజం చెబుతోందనుకుంటేనే. 2017లో కెనడాలో కొన్న 31 రకాల మెలటోనిన్ సరుకులను పరీక్షించగా, రాసినదానికంటే 83 శాతం తక్కువ ఉన్నవి మొదలుకొని 478 శాతం ఎక్కువ ఉన్నవి దాకా కనిపించాయి. ఎనిమిదింటిలో మెదడు మీద పనిచేసే సెరటోనిన్ అనే వేరే రసాయనం కూడా దొరికింది. 2023లో అమెరికాలో అమ్ముతున్న 25 రకాల గమ్మీలను పరీక్షిస్తే 22 రకాల్లో లేబుల్ మీది అంకెకూ లోపలి సరుకుకూ పొంతన కుదరలేదు, ఒకదానిలో మెలటోనిన్ అసలు లేనే లేదు. అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం సప్లిమెంట్లు అమ్మేవారు సరుకు పనిచేస్తుందని ముందుగా ప్రభుత్వానికి నిరూపించనక్కరలేదు. అందుకే ‘అమెరికా నుంచి తెచ్చింది’ అన్న మాటకు మనవాళ్లు ఇచ్చే విలువ ఈ ఒక్క అరలో వర్తించదు. సీసా మీద యూఎస్‌పీ వెరిఫైడ్ ముద్ర ఉంటే పరిమాణం, శుద్ధి వేరే సంస్థ చేత పరీక్ష చేయించినట్టు లెక్క. ఆ ముద్ర కూడా సరుకు పనిచేస్తుందని చెప్పదు, ఉందని మాత్రమే చెబుతుంది.

ఇప్పుడు మీ అమ్మగారి విషయానికి వస్తే, మెలటోనిన్ ఆమెకు పనికిరాదని నేను అనడానికి కారణం ఏడు నిమిషాల లెక్క కాదు. సాయంత్రం వేసుకున్న మెలటోనిన్ ఒంటి గడియారాన్ని ముందుకు జరుపుతుంది, అంటే నిద్ర ముందే వస్తుంది, మెలకువా ముందే వస్తుంది. రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టని కాలేజీ కుర్రవాడికి ఇది మేలు చేసే గుణమే. తొమ్మిదికే కళ్లు మూతపడి మూడింటికి లేచే పెద్దావిడకు ఇది తిరగబడే గుణం. ఇప్పటికే ముందుకు పరుగెడుతున్న గడియారాన్ని ఇంకా ముందుకు తోసినట్టవుతుంది. రక్తపోటు మాత్ర పేరు మీరు రాయలేదు. ఒకవేళ అది నెమ్మదిగా విడుదలయ్యే నిఫెడిపిన్ అయితే, ఇటలీలో జరిగిన ఒక పరిశోధనలో ఆ మాత్ర వాడుతున్నవారికి రాత్రి 5 మిల్లీగ్రాముల మెలటోనిన్ ఇచ్చినప్పుడు రక్తపోటు పై అంకె సగటున 6 మిల్లీమీటర్లకు పైగా పెరిగిందని గుర్తుంచుకోవాలి.

అశ్వగంధ దగ్గర పరిస్థితి వేరు. తెలుగులో దీన్ని పెన్నేరు అంటాం, అనంతపురం వైపు మెట్ట పొలాల్లో పండిస్తారు కూడా. శాస్త్రీయ నామంలోని సోమ్నిఫెరా అన్న లాటిను మాటకు నిద్ర తెచ్చేది అనే అర్థం. పేరులోనే నిద్ర ఉంది కాబట్టి నమ్మేయాలని కాదు గానీ, దీని వెనుక కొంత పరిశోధన ఉన్నదన్నది నిజం. 2021లో వచ్చిన ఒక మెటా అనాలిసిస్ 5 పరిశోధనలను, 400 మందిని కలిపి చూసి, నిద్ర మీద చిన్నదే అయినా స్పష్టమైన మేలు ఉందని తేల్చింది. నిద్రలేమి ఉన్నవారిలోనూ, రోజుకు 600 మిల్లీగ్రాములు అంతకుమించి తీసుకున్నవారిలోనూ, కనీసం 8 వారాలు వాడినవారిలోనూ ఆ మేలు ఎక్కువగా కనిపించింది.

వినడానికి బాగుంది కదా. అయితే నాకు కనిపించే లోటుపాట్లు కూడా చెప్పాలి. నాలుగు వందల మంది అంటే ఒక మందుకు అనుమతి కోరేటప్పుడు చూపించే సంఖ్యలో చిన్న భాగం. పరిశోధనల్లో ఎక్కువ భాగం మన దేశంలోనే, కొన్ని వారాల పాటు, తయారీదారుల సొంత సారంతోనే జరిగాయి. వాటిలో ఎక్కువగా వాడిన కేఎస్‌ఎం-66 అనే వేరు సారం హైదరాబాదుకు చెందిన ఇక్సోరియల్ బయోమెడ్ తయారీయే. అమ్మేవారు డబ్బు పెట్టినంత మాత్రాన పరిశోధన అబద్ధమైపోదు, కానీ సంబంధం లేనివారు, వేరే దేశంలో, ఇంకా ఎక్కువమందితో చేసి అదే ఫలితం తెచ్చేదాకా దాన్ని సగం నిండిన గ్లాసుగానే చూస్తాను. పైగా ఒక సారం మీద వచ్చిన ఫలితాన్ని పచారీ కొట్లో అమ్మే పొడికో, ఆకులు కలిపిన చూర్ణానికో అంటగట్టడం కుదరదు. మన ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో, అశ్వగంధ ఆకు వాడకానికి తగిన ఆధారం లేదనీ తయారీలో వేరునే వాడాలనీ సూచన జారీ చేసింది. ఆ సూచన వచ్చాక కూడా ‘ఆకు ప్లస్ వేరు’ అని చిన్న అక్షరాల్లో రాసిన డబ్బాలను నేను చూశాను.

ఇక కాలేయం సంగతి. 2020లో ఐస్‌లాండ్, అమెరికా వైద్యులు అశ్వగంధ వాడాక కామెర్లు, విపరీతమైన దురద వచ్చిన ఐదుగురి వివరాలు ప్రచురించారు. ఆ తర్వాత మన దేశపు కాలేయ నిపుణుల నుంచి కూడా అలాంటి నివేదికలు వచ్చాయి. మానేశాక ఎక్కువమంది కోలుకున్నారు. డెన్మార్క్ 2023లో దీని అమ్మకాన్నే నిషేధించింది. లక్షలమంది వాడుతుండగా ఇవి అరుదే, కాబట్టి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. మీ అమ్మగారి విషయంలో అసలు అడ్డు థైరాయిడ్. అశ్వగంధ థైరాయిడ్ హార్మోను స్థాయిని పెంచవచ్చునని చిన్న పరిశోధనల్లో కనిపించింది. ఇప్పటికే థైరాక్సిన్, అంటే థైరాయిడ్ హార్మోను మాత్ర వేసుకుంటున్నవారికి అది తోడైతే గుండెదడ, చెమటలు, చివరికి నిద్రలేమి వస్తాయి. నిద్ర కోసం వేసుకున్నదే నిద్ర చెడగొట్టిందని ఇంట్లో ఎవరికీ తట్టదు. ‘మోతాదు చాలలేదేమో’ అని ఇంకొక క్యాప్సూల్ పెంచుతారు.

వలేరియన్ గురించి చెప్పేటప్పుడు నా తరగతి గది గుర్తొస్తుంది. పరిశోధనల్లో ఎవరికి మందు ఇచ్చారో ఎవరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారో రోగికీ వైద్యునికీ తెలియకుండా దాచడం ఎందుకు అవసరమో చెప్పడానికి, ఒక ఏడాది నేను విద్యార్థుల ముందు రెండు సీసాలు పెట్టాను. ఒకదానిలో వలేరియన్ క్యాప్సూళ్లు, ఇంకొకదానిలో అదే రంగు ఖాళీ క్యాప్సూళ్లలో బియ్యప్పిండి. మూతలు తీసేసరికి ముందు వరుసలోని అమ్మాయి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది, వెనుక వరుస నుంచి ఎవరో ‘సార్, ఎన్‌సీసీ సాక్సుల వాసన’ అన్నారు. ఏ సీసాలో ఏముందో అరనిమిషంలో అందరికీ తెలిసిపోయింది. ఆ వేరులో ఐసోవలెరిక్ ఆమ్లం ఉంటుంది, చెమట పట్టిన పాదాలకు ఆ వాసన వచ్చేదీ అదే ఆమ్లం వల్ల. తనకు నిజమైన మందే అందిందని రోగికి వాసనతోనే తెలిసిపోతే, ‘ఎలా నిద్రపోయారు’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబులో సగం ఆశే ఉంటుంది.

ఆ లోపాన్ని మనసులో పెట్టుకుని అంకెలు చూడండి. 2006లో 16 పరిశోధనలను, 1,093 మందిని కలిపి చూసిన విశ్లేషణ, వలేరియన్ వేసుకున్నవారిలో ‘నిద్ర మెరుగైంది’ అని చెప్పినవారి నిష్పత్తి 1.8 రెట్లు ఉందని లెక్కగట్టింది, కానీ ప్రతికూల ఫలితాలు ప్రచురణకు రాకుండా ఉండిపోయిన సూచనలు ఉన్నాయని కూడా ఒప్పుకుంది. మరుసటి ఏడాది వచ్చిన ఇంకొక సమీక్ష, అన్ని పరిశోధనలనూ జల్లెడ పట్టి, వలేరియన్ హానికరం కాదు గానీ నిద్రలేమికి పనిచేస్తుందని చెప్పడానికి ఆధారం లేదని తేల్చింది. దాన్ని తెప్పించవద్దు. మన ఆయుర్వేదంలోని తగర కూడా ఈ జాతి మొక్కే. దాని మీద ఇంతపాటి పరిశోధన కూడా లేదు.

మెగ్నీషియం గురించి ఇన్‌స్టాగ్రామ్‌లో వచ్చే మాటలకూ పరిశోధనలకూ మధ్య ఉన్న దూరం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. వృద్ధుల నిద్రలేమి మీద 2021లో వచ్చిన సమీక్షకు దొరికినవి మూడే మూడు పరిశోధనలు, మొత్తం 151 మంది. నిద్ర 17 నిమిషాలు ముందుగా పట్టిందని లెక్క తేలినా, ఆధారం నాణ్యత చాలా తక్కువని రాసినవారే చెప్పారు. పైగా గ్లైసినేట్ రకం మీద జరిగే ప్రచారానికీ ఆ మూడు పరిశోధనలకూ సంబంధం లేదు. వాటిలో వాడినవి వేరే రకాలు. ఆహారంలో మెగ్నీషియం తక్కువైనవారికి, రాత్రిపూట పిక్కలు పట్టేసేవారికి కొంత ఊరట ఉంటుందేమోనని వైద్యులు ఇస్తుంటారు, మూత్రపిండాలు బాగున్నంతవరకు దానివల్ల పెద్ద ప్రమాదం లేదు, విరేచనాలు తప్ప. కానీ మీ ఇంట్లో ఒక జాగ్రత్త తప్పనిసరి. మెగ్నీషియం కడుపులో థైరాక్సిన్‌ను పట్టేసి రక్తంలోకి పోనివ్వదు; రెండింటికీ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. తెల్లవారుజామున పరగడుపున థైరాయిడ్ మాత్ర, రాత్రి భోజనం తర్వాత మెగ్నీషియం అన్నట్టయితే ఇబ్బంది లేదు. అన్నీ ఒకే డబ్బాలో పోసి పొద్దున్నే గుప్పెడు వేసుకునే అలవాటు ఉంటే మాత్రం థైరాయిడ్ మాత్ర వృథా అయినట్టే.

మిగిలినవాటిని త్వరగా ముగిస్తాను. సీమ చామంతి (కామొమైల్) టీ తాగితే హాయిగా ఉంటుంది, కానీ 34 మంది నిద్రలేమి రోగులకు 28 రోజులు దాని సారం ఇచ్చి చూసిన 2011 నాటి పరిశోధనలో ప్లాసిబోకూ దానికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పుల్ల చెర్రీ రసం నిద్రను గంటకు పైగా పెంచిందని వాట్సాప్‌లో తిరిగే వార్త వెనుక ఉన్నది ఎనిమిది మంది. వేడి పాలలో ట్రిప్టోఫాన్ ఉన్న మాట నిజమే, అయితే పరిశోధనల్లో వాడిన గ్రాము మోతాదు రావాలంటే చాలా గ్లాసులు తాగాలి, ఆపైన రాత్రంతా బాత్రూముకు తిరగాలి. ఒక గ్లాసు పాలు తాగే అలవాటును మాన్పించనక్కరలేదు, అందులో జాజికాయ చిటికెడుకు మించనీయకండి. చెంచాల లెక్కన వేస్తే అది వాంతులు, భ్రమలు తెచ్చే విషం.

‘సహజమైనది’ అన్న మాట మీద మీకున్న భరోసా గురించి ఒక్క మాట. సర్పగంధ కూడా సహజమైనదే. మన దేశంలో తరతరాలుగా నిద్రకూ పిచ్చికీ వాడిన ఆ వేరు రక్తపోటును తగ్గిస్తుందని 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో చూపించారు, 1952లో దానినుంచి రిసర్పిన్‌ను వేరుచేశారు. ఆ వేరు నిజంగా పనిచేసింది. ఎంతగా అంటే, రక్తపోటు పడిపోవడం, మనసు కుంగిపోవడం వంటి దుష్ఫలితాలను చూసి దాన్ని వైద్యుని చేతికి అప్పగించాల్సి వచ్చింది. నిద్ర తెప్పించేంత బలమున్నదేదైనా హాని చేసేంత బలం కూడా ఉన్నదే.

ఇప్పుడు మీ అమ్మగారి రోజును కాగితం మీద కూడి చూద్దాం. రాత్రి తొమ్మిది నుంచి మూడు దాకా ఆరు గంటలు, మధ్యాహ్నం గంటన్నర, మొత్తం ఏడున్నర. అరవై దాటినవారికి ఏడు, ఎనిమిది గంటలు చాలునంటారు. అంటే ఆమెకు నిద్ర తక్కువ కాలేదు, నిద్ర ఉండాల్సిన చోట లేదు. ఆ మూడు నుంచి ఆరు దాకా దొర్లే మూడు గంటలు రోగం కాదు, అప్పటికే ఖర్చయిపోయిన నిద్ర కోసం ఎదురుచూపు. దీనికి ఏ సీసాలోనూ మందు లేదు. మధ్యాహ్నపు కునుకును భోజనం కాగానే అరగంటకు కుదించి, సాయంత్రం ఐదు నుంచి చీకటి పడేదాకా బయట వెలుతురులో కూర్చోబెట్టి లేదా నడిపించి, పక్క చేరే వేళను వారానికి అరగంట చొప్పున పదిన్నర దాకా జరిపితే మెలకువ కూడా దానితోపాటు వెనక్కి జరగాలి. సాయంత్రపు వెలుతురు ఒంటి గడియారాన్ని ఆలస్యం చేస్తుంది, మెలటోనిన్ చేసేదానికి సరిగ్గా ఎదురుగా.

నేను చెప్పింది సొంత వైద్యం కాదు. కునుకు కుదించడం, పడక వేళ సరిచేయడం అనేవి నిద్రలేమికి సీబీటీ-ఐ అని పిలిచే, మందుల్లేకుండా ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే పద్ధతిలో భాగాలే, అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో మాత్రలకంటే ముందు ఆ పద్ధతినే ప్రయత్నించమంది. 2015లో 20 పరిశోధనలను కలిపి చూసిన మెటా అనాలిసిస్‌లో ఈ పద్ధతి పాటించినవారికి నిద్ర 19 నిమిషాలు ముందుగా పట్టింది, రాత్రి మధ్యలో మేలుకుని ఉండే సమయం 26 నిమిషాలు తగ్గింది. మొత్తం నిద్ర మాత్రం 8 నిమిషాలే పెరిగింది. ఇక్కడ మారేది నిద్ర పొడవు కంటే దాని పొందిక. ఈ అంకెలను మెలటోనిన్ ఏడు నిమిషాల పక్కన పెట్టి చూడండి.

ఇవి మొదలుపెట్టే ముందు మూడు విషయాలు వైద్యుని దగ్గర తేల్చుకోండి. థైరాయిడ్ పనితీరు చూపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించి ఎంతకాలమైంది? థైరాక్సిన్ మోతాదు ఎక్కువైతే మూడింటి మెలకువకు అదే కారణం కావచ్చు. రక్తపోటు మాత్రలో నీరు తీసే మందు కలిసి ఉండి, దాన్ని సాయంత్రం వేసుకుంటున్నారా? అలాగైతే ఆ మెలకువ మూత్రం కోసం వస్తున్నదే, వేళ ఉదయానికి మార్చవచ్చునేమో అడగండి. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందా, దిగులుగా ఉంటున్నారా అన్నది మీరే పక్కన ఉండి గమనించాలి, ఎందుకంటే అమ్మలు ఇవేవీ వైద్యునికి చెప్పరు.

సీసాల విషయం: అశ్వగంధను థైరాయిడ్ ఉన్నంతవరకు పక్కన పెట్టండి, మెగ్నీషియంను కావాలంటే రాత్రిపూట వాడవచ్చు గానీ ఆశ పెట్టుకోవద్దు. గమ్మీలను మీ తమ్ముడికే తిరిగి ఇచ్చేయండి. ఐదు అంతకుమించి కాలమండలాలు దాటే ప్రయాణంలో మెలటోనిన్ జెట్‌లాగ్‌ను తగ్గిస్తుందని వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2002 నాటి సమీక్షలో, పది పరిశోధనలకు తొమ్మిదింటిలో స్పష్టంగా తేలింది. తూర్పు దిక్కుగా వచ్చేటప్పుడు మేలు ఇంకా ఎక్కువ. వచ్చేసారి న్యూజెర్సీ నుంచి దిగిన రాత్రి పడుకునే ముందు వేసుకోవడానికి ఆయనకు పనికొస్తుంది, కాకపోతే ఆ పది మిల్లీగ్రాముల సీసా కాదు. అర మిల్లీగ్రాము నుంచి ఐదు దాకా ఉన్నది కొనుక్కోమనండి.